అనుమానాల తట్ట

కాశీబుగ్గ గేటుకాడ కొత్తగా ఎట్టినారు
ఏలు ఒత్తితే పేరు సెప్పే డబ్బా.
నా ఏలికి అది నోరిప్పదు.
మూడుపాలి ఒత్తినాను,
కొంగుతో తుడుసుకొని ఒత్తినాను,
ఎవులో తెల్దంటాది.
ఇరవైరెండేళ్లు జీడినూని తాగిన ఏళ్లు మరి,
గీతలుంటే కదా.
వాచ్‌మేను జోగులు నవ్వి కాయితమ్మీద రాసుకుంటాడు:
కోనారి దమయంతి, ఎనిమిదింటి షిప్టు.

నోపల ఎనిమిది కెమెరాల మిషనుంది.
దానికి పలక పట్టించినదాన్ని నానే.
పోయినేడు మాగమాసంలో
ఇళంగో అని కోయంబత్తూరు గుంటడొచ్చి
తెల్లబల్లమీద పప్పులు పోసి
"అమ్మా, నువ్వు ఏరు సాలు" అన్నాడు.
ఏరినాను.
గుండు ఇటు, బద్ద అటు,
మాడింది, ముడతడింది, పొట్టు కరుసుకున్నది,
పురుగు సూదిమొనంత కన్నమెట్టింది.
తొమ్మిది రోజులు
నెత్తిమీద గాజుకన్నొకటి రెప్పెయ్యకుండా సూసినాది.
"ఇదేల పక్కకేసినావు?" అనడిగినాడోపాలి.
రంగు బాగుంది, బొద్దుగానే ఉంది.
సెయ్యి వొద్దంది, అంతే.
ఆ మాట రాసుకోడానికి
ఆడి కంప్యూటర్లో గడి నేదు.

ఇప్పుడు బెల్టుమీద పప్పు వాననీరులాగ ఎలిపోతాది.
కన్ను సూత్తాది, గాలి ఉఫ్ఫంటాది,
మచ్చున్నది ఎగిరి అవతల పడతాది.
నలభైమంది ఏరినంత ఒక గంటలో.
ఆ నలభైలో ఐదుగురం మిగిలినాం.
గున్నమ్మ పలాస టేసన్లో ఊడుత్తంది.
భానుమతి ఎక్కడుందో, ఫోను మోగదు.

నా ముందరున్నది మూడో గొట్టం.
మొదటిది మంచికి, రెండోది సెడ్డకి,
మూడోది మిషనుకి తెల్దన్నదానికి.
పొద్దస్తమానం నాకొచ్చేవి అనుమానాలే.
తేట గుండు పప్పుని సూసి ఎన్నాళ్లయినాదో.
ఒక్కోటి తీసి, తిప్పి, వాసన పట్టి
పచ్చ మీటో ఎర్ర మీటో నొక్కుతాను.
నొక్కినపుడల్లా అది నేర్సుకుంటాదంట.
సావుకారి కొడుకు లోకనాథం
ఇశాపట్నంలో కూకొని ఫోన్లో సూత్తాడంట,
దమయంతి ఎన్ని నొక్కినాది,
ఎంతసేపు ఆలోసించినాది.
ఆలోసనకి ఏడు సెకన్లు.
దాటితే నెత్తిమీద లైటు ఎలుగుతాది.

శివరాత్రికి తట్టనిండా వొచ్చేవి.
ఉగాదికి సగం.
ఎండలు ముదిరేసరికి సేరుడు.
లెక్క రానిదాన్ని కాను.
తట్టడుగు కనబడిన్నాడు
నా కుర్సీ ఉండదు.

అబద్దమేల, ఒక మద్దేన్నం
పురుగు పప్పుకి పచ్చ మీట నొక్కినాను.
ఎంటనే ఒళ్లు జలదరించినాది.
ఏ ఊరి పిల్లడి నోట్లో పడతాదో!
లేసి బెల్టు ఎంట పరిగెట్టి
డబ్బాలో సెయ్యెట్టి కెలికి కెలికి తీసినాను.
పప్పు దొరికింది.
మిషనుకి నేర్పింది మట్టుకు
ఎనక్కి తియ్యడం నా వల్ల కానేదు.

రోయిణి కార్తెలో మందస పిక్కలు దిగినాయి.
తుపాను ఊడబెరికినకాడ
మళ్లీ నాటిన మొక్కల తొలి కాపు.
పప్పు కాసింత వొంకర, అంచున గందం జీర.
మిషను ఎప్పుడూ సూడనిది.
మూడో గొట్టం గడగడలాడినాది.
తట్ట నిండి, బల్ల నిండి, నా ఒడి నిండి
నేలమీద దొర్లతన్నాయి.
లైటు ఎలిగింది ఆరడం మానేసినాది.

ఇశాపట్నం నుంచి ఫోను:
"మిషనుకి ఏటయినాది దమయంతీ?"
"ఏటీ అవనేదు బాబూ.
తెల్దని సెప్తంది.
తెల్నపుడు తెల్దనడం మంచిదే గదా."
ఆయన పక్కనెవులితోనో ఇంగిలీసులో మాటాడతన్నాడు.
నానొకటి కొరికి సూసినాను.
పాలు. మన్ను. కాసింత ఉప్పుగాలి.
మంచిదే.

పచ్చ మీటమీద ఏలెట్టి ఆగినాను.
ఐదు, ఆరు, ఏడు.
ఏడు దాటనిచ్చి సెప్పినాను:
"గున్నమ్మని పిలవాల బాబూ,
ఇది ఒకలి వల్లయ్యేది కాదు."